సుబద్ర ఊళ్లో నేను మాస్కు తీసిన పూట

విజయనగరంలో నాది కళ్ళజోళ్ళ షాపు. ముప్పై ఏళ్ళుగా అదే పని. నేను డాక్టర్ని కాను. చూపు పరీక్ష చేసి, అద్దాలు బిగించి ఇచ్చేవాణ్ణి. ఈ మాట మొదటే చెప్పుకోవాలి. ఎందుకంటే ఆ కొండ మీద ఉన్నంతసేపూ అందరూ నన్ను డాక్టరుగారూ అనే పిలిచారు, నేను ఒక్కసారి కూడా కాదనలేదు.

కరోనా వచ్చిన మరుసటి ఏడాది, మార్చి నెల. మొదటి ఉధృతి తగ్గిపోయింది. రెండోది వస్తుందని పేపర్ల లోపలి పేజీల్లో రాస్తున్నారు గాని చదివే ఓపిక ఎవరికీ లేదు. పెళ్ళిళ్ళు మొదలయ్యాయి, సినిమా హాళ్ళు తెరిచారు. ఆ రోజుల్లోనే సుబద్ర అనే ఆవిడ ఏదో పని మీద విజయనగరం వచ్చి, మా షాపులో అద్దాలు మార్పించుకుంది. డుంబ్రిగుడ అవతల కొండ మీద ఒక ఊళ్ళో ఆశా వర్కరు. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగింది.

"మా ఊళ్ళో సూదిలో దారం ఎక్కించలేనోళ్ళు శానామంది సార్. బియ్యంలో రాయి కనపడదు. ఆళ్ళు కిందకి రాలేరు. మీరే ఓపాలి రాకూడదా?"

మా వీధి వర్తకులం తలా కొంచెం వేసుకుని, దగ్గర చూపు కళ్ళజోళ్ళు రెండు పెట్టెలు సిద్ధం చేశాం. ఆ ఊరి పేరు మాత్రం ఇక్కడ రాయను. ఆవిడే వద్దంది.

ఎస్.కోటలో ఇడ్లీ

వ్యాను నడిపింది మా బావమరిది సత్తిబాబు. నా భార్యకి తమ్ముడు. వాడు మాస్కు పెట్టుకోడు. ఎందుకు పెట్టుకోడో ఇంట్లో అందరికీ తెలుసు కనక ఎవరం అడగం. మొదటి ఉధృతిలో వాళ్ళమ్మ, అంటే మా అత్తగారు, నెలల తరబడి గడప దాటలేదు. పాల ప్యాకెట్టు కూడా సబ్బుతో కడిగి లోపలికి తీసుకునేది. ఇంట్లో తిరిగేటప్పుడు కూడా మూతికి గుడ్డ తీసేది కాదు. అయినా ఆమెకే వచ్చింది. ఆమే పోయింది. ఊరంతా తిరిగిన సత్తిబాబుకి ఏమీ కాలేదు. ఆఖరి చూపు కూడా చూడనివ్వకుండా ఆస్పత్రి నుంచి అటే తీసుకుపోయారు.

పొద్దున్నే ఎస్.కోటలో టిఫినుకి ఆగాం. హోటలు గుమ్మానికి 'మాస్కు లేనిదే ప్రవేశం లేదు' అని బోర్డు ఉంది. కౌంటరు దగ్గర కూర్చున్న యజమానికి మాస్కు లేదు. నా మూతి వైపు చూసి నవ్వాడు.

"ఆ బోర్డు ఆఫీసర్లకి సార్. మీరు లోనికి రండి."

ముప్పై రూపాయలకి మూడు ఇడ్లీలు, అల్లం చట్నీ. బల్లకి ఆరుగురు చొప్పున మోచేతులు తగులుకుంటూ తిన్నాం. సత్తిబాబు ఇడ్లీ తుంచుతూ హఠాత్తుగా అడిగాడు.

"బావా, ఒక్క మాట సెప్పు. మాయమ్మ ఎప్పుడైనా తీసిందేటి?"

"లేదు."

"మరేటి లాభం?"

జవాబు ఏదైనా, తల్లి పోయినవాడికి ఇడ్లీ తింటూ చెప్పేది కాదు. అసలు నాకూ ఎటు వైపూ గట్టి నమ్మకం లేదు. నలుగురూ చూసేచోట పెట్టుకునేవాణ్ణి, వ్యాను ఎక్కగానే గడ్డం కిందికి లాగేసేవాణ్ణి.

ఘాట్ రోడ్డు మీద

అనంతగిరి దాటేసరికి కాఫీ పూతలో ఉంది. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కొమ్మ కొమ్మకీ తెల్లటి పూలు, కిటికీ దించితే విరజాజి లాంటి వాసన. అది రెండు మూడు రోజులే ఉంటుందని తరవాత తెలిసింది. ఈ యాత్రలో మనసారా చూసింది అదొక్కటే.

వ్యూ పాయింటు దగ్గర టూరిస్టు బస్సులు వరసగా ఆగి ఉన్నాయి. పాటలు, సెల్ఫీలు, ఒకరి భుజం మీద ఒకరు. బొంగులో చికెన్ అమ్మేవాడు కాలిన వెదురు బొంగుని రాయి మీద కొట్టి చీల్చి, అడ్డాకు విస్తట్లో ఒంపాడు. నూనె చుక్క లేకుండా ముక్క అంత మెత్తగా ఎలా ఉడుకుతుందో మా ఇంటావిడకి చెప్పినా నమ్మదు. రెండు వందలు తీసుకున్నాడు.

అక్కడే ఒకాయన కర్రకి రంగురంగుల మాస్కులు తగిలించుకుని తిరుగుతున్నాడు. వెనకటికి బుడగలు అమ్మేవాడట.

"బేరాలు ఉన్నాయా?" అన్నాను.

"కింద పోలీసులున్న కాడ ఉంటాయి బాబూ. నేనూ పోలీసులెక్కడుంటే అక్కడే ఉంటాను. ఇయ్యాల ఆళ్ళు రానేదు."

"మరి నువ్వు పెట్టుకోలేదేం?"

"మూతి మూసుకుంటే కేకెయ్యలేను. కేకెయ్యకపోతే ఎవుడు కొంటాడు?"

సత్తిబాబు పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను.

సాయంత్రం అరకులో లాడ్జి వాళ్ళు థింసా ఆడించారు. ఆడవాళ్ళు వరసగా నిలబడి, నడుం వెనక నుంచి ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, పాము వంపు తిరిగినట్టు అడుగులు వేస్తారు. మా వైపు ఆటల్లో మగవాళ్ళు అరుగు మీద కూర్చుని చూస్తారు. ఇక్కడ వచ్చినవాళ్ళందర్నీ వరసలోకి లాగేశారు. ఎక్కడెక్కడి నుంచో వచ్చిన నలభై యాభైమందిమి చేతులు కలిపి, రొప్పుతూ, ఆయాసపడుతూ ఆడాం. నా మాస్కు జేబులో ఉంది.

మూతులకి గుడ్డలు కట్టుకున్న ఊరు

మర్నాడు డుంబ్రిగుడ దాటి, తారు రోడ్డు అయిపోయిన చోట వ్యాను ఆపాం. అక్కడి నుంచి గంటన్నర నడక. సుబద్ర నలుగుర్ని వెంటబెట్టుకుని పెట్టెలు మోయించడానికి వచ్చింది. ముప్పై రెండు, ముప్పై మూడేళ్ళ మనిషి, గబగబా నడుస్తుంది, గబగబా మాట్లాడుతుంది. అయిదుగురి మూతులకీ గుడ్డలున్నాయి. పాత చీర చింపి నాలుగు మడతలు పెట్టి కుట్టినవి. ఆమె సత్తిబాబు ముందు నిలబడింది.

"బాబూ, మూతికి కట్టుకుంటేనే ఊళ్ళోకి."

వాడు నా వైపు చూశాడు. నేను తల ఊపాను. జేబురుమాలు తీసి గొణుక్కుంటూ కట్టుకున్నాడు.

ఊళ్ళోకి వెళ్ళాక నాకు మొదట వింతగా అనిపించింది, తరవాత కొంచెం సిగ్గుగా అనిపించింది. ఎర్రమట్టి అలికిన గోడలతో, ఒకే అరుగు పంచుకునే ఇళ్ళు రెండు వరసలు. అరుగుల మీద ముసలివాళ్ళు, పసుపు కొమ్ములు ఉడకబెడుతున్న ఆడవాళ్ళు, ఎవరి మూతి చూసినా కప్పే ఉంది. జీలుగు కల్లు తాగుతున్న మగవాళ్ళు కూడా సొరకాయ బుర్ర ఎత్తినప్పుడు గుడ్డ దించి, గుటక వేసి, మళ్ళీ పైకి లాక్కుంటున్నారు. మా షాపున్న వీధిలో అంతమంది మాస్కులతో నేను ఏనాడూ చూడలేదు.

"ఇదంతా నువ్వే చేశావా?" అని అడిగాను.

"నేను ఆర్నెల్లు సెప్పాను సార్. ఎవురూ ఇన్నేదు. మా మావ ఓ పూట సెప్తే ఇన్నారు."

ఆమె మామగారు గాసన్న ఆ ఊరికి దిసారి. విత్తనం ఎప్పుడు చల్లాలో, పండగ ఏ రోజు చెయ్యాలో, పెళ్ళికి ఏ ఘడియ మంచిదో నిర్ణయించేది దిసారి. డెబ్బై దాటిన బక్కపల్చటి మనిషి. వాళ్ళ కొండ ఒరియా తప్ప తెలుగు నాలుగు ముక్కలే వచ్చు. కోడలు ముందు ఆయన్ని ఒప్పించింది. ఆయన ఊరందర్నీ కూచోబెట్టి, ఈ రోగం నోటి దారినే వస్తుంది, నోరు కప్పుకున్నవాడి ఇల్లు దానికి కనబడదు అని చెప్పాడట. మొదటి ఉధృతి మొత్తం మీద ఆ ఊళ్ళో ఒక్కరు కూడా జబ్బు పడలేదు.

ఆ సాయంత్రం సుబద్ర మాకు అరుగు మీద దూరదూరంగా విస్తళ్ళు వేసి భోజనం వడ్డించింది. సామ అన్నం, ఎండు చేపలు వేసిన చింతచిగురు, తాగడానికి రాగులతో కాచిన చోడి అంబలి. ఆటో నడుపుకునే డొంబు అనే అతను వచ్చి స్తంభానికి ఆనుకుని నిలబడ్డాడు. పదో తరగతి దాకా చదివాడు. మాస్కు పెట్టుకున్నాడు గాని ముక్కు బయటే ఉంది.

"సంతకెళ్తే నవ్వుతన్నారు సార్. కొండోళ్ళు బయపడిపోనారంటన్నారు. అరకు వచ్చే టూరిస్టులు ఎవులికీ లేదు. సదువుకున్నోళ్ళకి లేని బయం మాకేటి?"

"సదువుకున్నోళ్ళకి ఆస్పత్రి ఉందిరా," అంది సుబద్ర లోపలి నుంచి. "నీకేటుంది? డోలీ ఉంది."

డొంబు నా వైపు తిరిగాడు. "డాక్టరుగారూ, మీరు సెప్పండి. ఎవురిది నిజం?"

అందరూ నా మొహం వైపే చూస్తున్నారు. నేను డాక్టర్ని కానని చెప్పడానికి అంతకన్న మంచి సందర్భం లేదు. పక్కనే సత్తిబాబు కూర్చున్నాడు, వాడి మనసు కష్టపెట్టడం ఇష్టం లేదు. "జనంలో ఉన్నప్పుడు పెట్టుకుంటే మంచిదే. మరీ అంత పట్టుదల అక్కర్లేదేమో" అన్నాను. సుబద్ర బయటికొచ్చి, నా విస్తట్లో ఇంకాస్త అన్నం పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆవిరి పట్టిన అద్దాలు

మర్నాడు లేచేసరికి గొంతు గరగరలాడుతోంది. తల బరువుగా ఉంది. చలి పడలేదనుకున్నాను, సంచిలోంచి ఒక పారాసిటమాల్ తీసి వేసుకున్నాను. నీళ్ళు తెచ్చిన సుబద్ర, "ఒళ్ళు బాగుందా సార్?" అని అడిగింది. ఆమె అందర్నీ అలాగే అడుగుతుంది, అది ఆమె పని. బాగుందన్నాను.

బడిలో ఉన్న ఒక్క గదిలో పరీక్షలు మొదలుపెట్టాం. గోడకి పటం తగిలించి, అక్షరం ఎటు తిరిగి ఉందో వేలితో చూపించమనడం. దగ్గర చూపుకి సూదీ దారం, చాటలో బియ్యం. మనిషి మూతికి గుడ్డ, నా మూతికి మాస్కు. ముక్కు మీద టెస్టు ఫ్రేము పెట్టి అద్దం వెయ్యగానే ఆవిరి పట్టేస్తోంది. తుడిచి మళ్ళీ వేస్తే మళ్ళీ ఆవిరి. నా కళ్ళజోడు సంగతీ అంతే. నేనన్నది వాళ్ళకి వినపడదు, వాళ్ళన్నది నాకు అర్థం కాదు, మధ్యలో సుబద్ర రెండు వైపులా చెప్పాలి. మధ్యాహ్నానికి పాతికమంది కూడా కాలేదు. బయట వరస పెరుగుతోంది. చీకటి పడకముందే కిందికి దిగాలని సత్తిబాబు తొందరపెడుతున్నాడు.

అప్పుడు గాసన్న వచ్చి స్టూలు మీద కూచున్నాడు. ఫ్రేము పెట్టాను. ఆవిరి. తుడిచాను. "ఇప్పుడెలా ఉంది?" అన్నాను. వినపడలేదు. అరిచాను. సుబద్ర గది అవతల మూల రిజిస్టరు రాస్తోంది. నాకు విసుగొచ్చింది. మాస్కు గడ్డం కిందికి లాగేశాను. లాగి, చెయ్యి చాపి ఆయన మూతిగుడ్డ కూడా నేనే కిందికి దించాను.

"ఇప్పుడు కనబడుతోందా తాతా?"

సూది ఇచ్చాను. ఒక్క క్షణం తడుముకుని దారం ఎక్కించేశాడు. ఎక్కించి నా మొహంలోకి చూసి నవ్వాడు. పళ్ళు నాలుగే ఉన్నాయి. రెండు రోజులుగా కళ్ళు మాత్రమే చూసిన మనిషి మొహం మొత్తం అప్పుడే చూశాను. ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను.

గుమ్మంలో నిలబడ్డ డొంబు వాళ్ళ భాషలో ఏదో అన్నాడు. తరవాత తెలుగులో, నాకు కూడా అర్థమయ్యేలా, "సూసారా, డాక్టరుగారే తీసీసారు. దిసారి కూడా తీసీసాడు" అన్నాడు. వరసలో ఒక గుడ్డ దిగింది. తరవాత ఇంకొకటి. నవ్వులు మొదలయ్యాయి.

సుబద్ర రిజిస్టరు పక్కన పెట్టి నా దగ్గరికి వచ్చింది.

"సార్, పెట్టుకోండి సార్."

"గంటలో అయిపోతుందమ్మా. అద్దాలకి ఆవిరి పడుతోంది."

"ఆళ్ళు నన్ను సూడ్డం లేదు సార్, మిమ్మల్ని సూత్తన్నారు."

ఆ మాట స్పష్టంగా విన్నాను. విని, తరవాతి మనిషిని పిలిచాను. పైగా వచ్చినవాళ్ళందరికీ "మూతిగుడ్డ తీసెయ్యండి" అని నేనే చెప్పాను. పని నిజంగానే చకచకా సాగింది. సాయంత్రానికి రెండు పెట్టెలూ ఖాళీ. ముసలమ్మలు నా బుగ్గలు పుణికి దీవించారు. ఒకావిడ తేనె సీసా ఇచ్చింది. సుబద్ర మమ్మల్ని రోడ్డు దాకా దిగబెట్టింది గాని దారి పొడుగునా పెద్దగా మాట్లాడలేదు. నడిచి అలిసిపోయిందనుకున్నాను.

దిగిన తరవాత

ఘాట్ దిగుతుండగానే చలిజ్వరం మొదలైంది. రెండు రోజుల తరవాత పరీక్ష చేయిస్తే నాకూ, సత్తిబాబుకీ ఇద్దరికీ ఉందన్నారు. వాడికి నాలుగు రోజుల్లో తగ్గిపోయింది. నేను ఆస్పత్రిలో పన్నెండు రోజులు ఆక్సిజను మీద ఉన్నాను. పక్క మంచం మూడుసార్లు ఖాళీ అయింది. ఎక్కడ అంటిందో తెలీదు. ఇడ్లీ బల్ల దగ్గరా, థింసా వరసలోనా, వ్యానులోనా? ఊళ్ళోకి నేనే తీసుకెళ్ళానా అన్నది కూడా ఎవరూ తేల్చలేరు. డొంబు రోజూ సంతకి వెళ్ళి వచ్చేవాడే.

ఇంటికొచ్చిన వారానికి, ఒక పొద్దున్న సుబద్ర ఫోను చేసింది. సిగ్నలు కోసం కొండ మీద బండ ఎక్కి మాట్లాడుతోంది, గాలి చప్పుడు వినబడుతోంది. నాకు వచ్చిందని చెప్పాను.

"మా మావ పోనాడు సార్."

నేను మంచం మీద లేచి కూచున్నాను. ఆమె ఏడవలేదు. జరిగింది జరిగినట్టు చెప్పింది. మేం దిగిన అయిదో రోజున ఆయనకి జ్వరం, ఎనిమిదో రోజుకి ఆయాసం. డోలీ మోయడానికి ఊళ్ళో ఎవరూ రాలేదు. ఆమె, ఆమె భర్త, ఇద్దరు మరుదులు మోశారు. రోడ్డు చేరకముందే ప్రాణం పోయింది. ఊరికి ముహూర్తాలు పెట్టిన మనిషిని పదిమంది కూడా లేకుండా సాగనంపారు. ఇప్పుడు ఎనిమిది ఇళ్ళలో జ్వరాలు.

"నేనెళ్తే తలుపు తియ్యట్లేదు సార్. ఆ డాక్టర్ని తెచ్చింది నువ్వే కదా అంటన్నారు. నీ మాత్రలూ ఆడిచ్చినవే అంటన్నారు. పరీచ్చకి రారు, మందు మింగరు. మీరు ఓపాలి ఫోన్లో మాటాడాల. అందర్నీ కూకోబెడతాను. నేను తియ్యమన్నేదు, మీరే తీసారని సెప్పాల. మీరు డాక్టరు కారని కూడా సెప్పాల."

ఆమెకి ఆ సంగతి మొదటినుంచీ తెలుసు. మా షాపుకి వచ్చిన మనిషే కదా.

రేపు చెబుతానన్నాను. సత్తిబాబు వద్దంటే వద్దన్నాడు. "కేసెడతారు బావా. పేపర్లో ఏస్తారు. ఎవుడి నుంచి వచ్చిందో దేముడికి కూడా తెలీదు, నీ నెత్తి మీద ఎందుకేసుకోడం? మాయమ్మకి ఎవుడు తెచ్చాడో ఎవుడైనా వచ్చి సెప్పాడా?"

అనేసి ఆగిపోయాడు. ఆ రోజుల్లో ఊరంతా తిరిగి, సాయంత్రం ఆ ఇంటికే వచ్చి, తల్లి చేత్తో అన్నం పెట్టించుకున్నది వాడొక్కడే. ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు. వాడు చెప్పులు వేసుకుని బయటికి వెళ్ళిపోయాడు.

మర్నాడు నేను ఫోను చెయ్యలేదు. నీరసంగా ఉందని ఇంట్లో చెప్పాను. నిజానికి అది భయం. మూడోనాడు చేస్తే సుబద్ర, "నిన్న ఇంకో ముసల్ది పోయింది సార్. మీకు తేనిచ్చినావిడ" అంది. ఆలస్యం ఎందుకైందని అడగలేదు. అందర్నీ బండ దగ్గరికి పిలిచి, దూరదూరంగా కూచోబెట్టి, ఫోను స్పీకర్లో పెట్టింది.

ఏం చెప్పాలో కాగితం మీద రాసుకున్నాను గాని చదవలేకపోయాను. నేను డాక్టర్ని కానన్నాను. కళ్ళజోళ్ళు అమ్ముకునేవాణ్ణన్నాను. సుబద్ర వద్దంటున్నా నేనే మాస్కు తీశాను, మీ చేత నేనే తీయించాను, ఆమె చెప్పిందే నిజం, ఆమె ఇచ్చే మందు మింగండి అన్నాను. ఆమె ఒక్కొక్క మాటా వాళ్ళ భాషలో చెప్పింది. తన గురించి అన్న మాటలు చెప్పేటప్పుడు కూడా గొంతు మారలేదు.

అటువైపు ఎవరో దగ్గారు. తరవాత డొంబు గొంతు వినిపించింది.

"ఆ రోజు మీకు జరం ఉందని తెలుసా?"

తెలీదు అనడం ఎంత తేలికో. "జ్వరం లేదు. గొంతు నొప్పి ఉంది. తెలుసు. మాత్ర వేసుకుని వచ్చి కూచున్నాను" అన్నాను.

ఈసారి సుబద్ర వెంటనే తర్జుమా చెయ్యలేదు. చేశాక ఒక్కసారిగా గొంతులు లేచాయి. అరుపులు, ఎవరో ఆడమనిషి ఏడుపు, మళ్ళీ అరుపులు. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. ఫోను చెవికి ఆనించుకుని అలాగే కూచున్నాను. చాలాసేపటికి స్పీకరు ఆపి ఆమె దగ్గరగా మాట్లాడింది.

"నాలుగిళ్ళోళ్ళు పరీచ్చకి వత్తామన్నారు సార్. డొంబు ఆటో తెత్తానన్నాడు."

"నా గురించి ఏమన్నారు?"

"మీ గురించి కూడా అన్నారు సార్. అది నేను సెప్పను," అంది. "పనుంది. పెట్టేత్తన్నాను."